ట్రైలర్ ఆగిపోతే ఫోన్‌లో ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి తీసుకెళ్లే చక్రాల ఇల్లు. మావారు పికప్ ట్రక్కుకి తగిలించి లాగుతారు. మొన్న సెలవుల్లో ఇంటర్‌స్టేట్ మీద వెళ్తుంటే ట్రైలర్ కుడివైపు వెనక టైరు పేలిపోయింది. షోల్డర్ (రోడ్డు అంచున ఆగే చోటు) మీద ఆపి, దారిలో బండి ఆగితే సాయం పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేశాం. చాలాసేపటికి ఒక చిన్న టో ట్రక్ వచ్చింది. డ్రైవరు చూసి, "ట్రైలర్ అని నాకెవరూ చెప్పలేదు, దీన్ని ఎత్తే జాక్ నా దగ్గర లేదు" అని వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ చేస్తే, "మీ ప్లాన్‌లో పికప్ మాత్రమే ఉంది, ట్రైలర్ లేదు" అన్నారు. చీకటి పడేదాకా పిల్లలతో రోడ్డు పక్కనే ఉన్నాం. ఏటా డబ్బు కడుతున్నాం కదండీ, ఇదేం న్యాయం? ఇకమీదట మేం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: పిల్లల్ని పెట్టుకుని హైవే పక్కన అంతసేపు నిలబడటం ఎంత టెన్షనో నాకు తెలుసమ్మా. ఇలాంటి ఫోన్లు ఎత్తే డిస్పాచ్ డెస్క్‌లో నేను పనిచేశాను. అందుకే మీకు జరిగింది అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో ముందు చెబుతాను.

మీరు డబ్బు కట్టే కంపెనీకి చాలాసార్లు సొంత ట్రక్కులు ఉండవు. మీ ఫోన్ అందుకున్న మనిషి వివరాలు టైప్ చేసి, మీకు దగ్గరలో ఉన్న ఏదో ఒక టోయింగ్ సంస్థకు పంపుతారు. మా తెర మీద మొదట కనిపించేవి కారు కంపెనీ, మోడల్, రంగు. మీరు "టైరు పోయింది" అన్నారు, వాళ్లు "ఏ బండి?" అన్నారు, మీరు పికప్ పేరు చెప్పారు. అంతే, డ్రైవరుకి చేరింది "పికప్, టైరు మార్చాలి" అన్న ఒక్క ముక్క. అతను దానికి సరిపడా బండి వేసుకొచ్చాడు. వెనక్కి వెళ్లిపోయాడని మీకు కోపం రావడం సహజమే. కానీ ఆ సాయంత్రం అతని సమయం కూడా వృథా అయింది.

కాబట్టి ఈసారి వాళ్లు ఏదీ అడగకముందే, మొదటి మాటగా ఇలా చెప్పండి: "పాడైంది నా బండి కాదు, దాని వెనకున్న ట్రావెల్ ట్రైలర్. బంపర్ పుల్. 26 అడుగుల పొడవు, రెండు యాక్సిళ్లు (ఇరుసులు), ఇంత బరువు. ట్రైలర్ టైరు పేలింది, స్పేర్ ఉంది." బంపర్ పుల్ అన్న మాట వదలొద్దు. దాన్నిబట్టే ఇది ఫిఫ్త్ వీల్ (పికప్ తొట్టిలో తగిలించే రకం ట్రైలర్) కాదని, బండి వెనక గుండ్రటి బాల్ ఉండే మామూలు బాల్ హిచ్‌తో లాగొచ్చని వాళ్లకు తెలుస్తుంది. చెప్పడం అయ్యాక, "నోట్స్‌లో ఏం రాశారో ఒకసారి చదివి వినిపిస్తారా?" అని అడగండి. ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు. డెస్క్‌లో ఉన్నప్పుడు ఇలా అడిగినవాళ్ల కేసులు ఎప్పుడూ సాఫీగా జరిగేవి. ఆ తర్వాత డ్రైవరు మీకు ఫోన్ చేస్తే ఇవన్నీ అతనికి మళ్లీ చెప్పండి. అతను చేయకపోతే, పని ఎవరికి అప్పగించారో కనుక్కుని ఆ టోయింగ్ ఆఫీసుకు మీరే చేయండి. నా దృష్టిలో మొదటి ఫోన్ కన్నా ఈ ఫోన్ ముఖ్యం, ఎందుకంటే ఏ ట్రక్ తీయాలో నిర్ణయించేది వాళ్లే.

ఈ వివరాలు రోడ్డు మీద గుర్తురావు, ఇంట్లో ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసి పికప్ గ్లవ్ బాక్సులో పెట్టండి. ట్రైలర్ ఎడమవైపు గోడ మీద, ముందు భాగంలో ఒక స్టిక్కర్ ఉంటుంది. గరిష్ఠ బరువు, టైరు సైజు, గాలి ఎంత ఉండాలో అన్నీ దాని మీదే ఉంటాయి. వాటితో పాటు పొడవు, పైకప్పు మీది ఏసీతో కలిపి ఎత్తు, హిచ్ బాల్ సైజు రాయండి. బాల్ 2 అంగుళాలదా, 2 5/16 అంగుళాలదా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మీ పికప్ చెడిపోయి వేరే బండి మీ ట్రైలర్‌ని లాగాల్సి వస్తే ఇది తెలియక పని అక్కడే ఆగిపోతుంది.

ఇక ప్లాన్ సంగతి. కారు ఇన్సూరెన్స్‌తో వచ్చే టోయింగ్, కొత్త బండితో కంపెనీ ఇచ్చే ఉచిత అసిస్టెన్స్ ప్రధానంగా ఆ బండి కోసమే రాసినవి. వెనకున్న ట్రైలర్ సంగతి ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది. ట్రిపుల్ ఏ (అమెరికాలో వాహనదారుల క్లబ్బు) మెంబర్‌షిప్ ఉన్నా, ట్రైలర్‌కి ఆర్‌వీ (ఇలాంటి ఇల్లు బండ్ల) కవరేజీ విడిగా కలుపుకోవాల్సి రావచ్చు. గుడ్ శామ్, కోచ్‌నెట్ లాంటివి ఆర్‌వీల కోసమే పెట్టిన ప్లాన్లు. ఏది తీసుకోవాలని నన్నడగొద్దు, మీరుండే రాష్ట్రాన్ని బట్టి, ప్లాన్ స్థాయిని బట్టి మారిపోతుంది. డబ్బు కట్టేముందు మాత్రం ఫోన్ చేసి రెండు సందర్భాలు వాళ్ల ముందు పెట్టండి. పికప్ బాగానే ఉండి ట్రైలర్ ఒక్కటే పాడైతే ఏం చేస్తారు? ట్రైలర్ బాగానే ఉండి పికప్ ఆగిపోతే, ట్రైలర్‌ని కూడా తీసుకెళ్తారా, రోడ్డు మీదే వదిలేస్తారా? రెండోది చాలామంది అడగరు. అసలు చిక్కు అక్కడే ఉంది. పికప్‌ని ఫ్లాట్‌బెడ్ (బండిని పైన ఎక్కించుకునే చదునైన ట్రక్) ఎక్కిస్తారు, కానీ ఆ ట్రక్కుకి వెనక హిచ్ లేకపోతే ట్రైలర్ కోసం ఇంకో బండి రావాలి. అది రెండో సర్వీస్ కాల్‌గా లెక్కవుతుందా అని కూడా తేల్చుకోండి. జవాబులు ఈమెయిల్‌లో రాసిమ్మనండి.

"ట్రైలర్‌నే ఫ్లాట్‌బెడ్ ఎక్కించొచ్చు కదా" అని చాలామంది నాతో ఫోన్‌లో వాదించేవారు. ట్రావెల్ ట్రైలర్ ఎత్తు సాధారణంగా 10, 11 అడుగులు ఉంటుంది. ఫ్లాట్‌బెడ్ డెక్ నేల నుంచి మూడడుగుల పైనే. రెండూ కలిపితే చాలా రాష్ట్రాల్లో బండి ఎత్తుకున్న 13.5 లేక 14 అడుగుల పరిమితి దాటిపోవచ్చు, వంతెన కింద ఇరుక్కోవచ్చు. అందుకే యాక్సిల్ విరిగినప్పుడు డెక్ బాగా కిందకి ఉండే ప్రత్యేక రవాణా బండి తెప్పించాలి, దానికి ఆలస్యం తప్పదు. యాక్సిల్ విరిగిందని అనుమానం ఉంటే మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి.

టైరు విషయానికొస్తే, మీది రెండు యాక్సిళ్ల ట్రైలర్ కాబట్టి కొంచెం నయం. జాక్‌ని యాక్సిల్ గొట్టం కింద పెట్టనివ్వకండి, అది వంగిపోవచ్చు. ఫ్రేమ్ కింద పెట్టాలి. వచ్చినవాడు తొందరలో యాక్సిల్ కింద పెడుతుంటే గట్టిగా ఆపండి. స్పేర్ బిగించాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు మళ్లీ బిగించి చూడాలి. నట్లు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి, ఎంత టార్క్ పెట్టాలో ట్రైలర్ మాన్యువల్‌లో ఉంటుంది. మిగిలిన టైర్ల వయసు కూడా ఇప్పుడే చూడండి. టైరు పక్కగోడ మీద డీవోటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ట్రైలర్ టైర్లు తిరక్కుండా నిలబడి ఉన్నా ముదిరిపోతాయి, ట్రెడ్ ఎంత బాగున్నా సరే.

అన్నిటికన్నా పిల్లల గురించి చెప్పాలనిపిస్తోంది. ట్రాఫిక్ పక్కనే టైరు పేలితే షోల్డర్ మీదే ఆగిపోవాలని లేదు. ఎగ్జిట్ దగ్గర్లో ఉంటే హజార్డ్ లైట్లు వేసుకుని మెల్లగా వెళ్లండి. రిమ్ పాడైతే పాడవుతుంది. ఆగక తప్పకపోతే, అందరూ ట్రాఫిక్ లేని వైపు నుంచి దిగి గార్డ్‌రెయిల్ అవతలికి వెళ్లాలి. ట్రైలర్‌లో కూర్చోబెట్టొద్దు. ఆగి ఉన్న పోలీసు బండ్లు, టో ట్రక్కుల లాంటివి కనిపిస్తే పక్క లేన్‌లోకి జరగాలి లేదా నెమ్మదించాలి అనే మూవ్ ఓవర్ చట్టాలు 50 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, కానీ అందరూ పాటిస్తారని నమ్మి పిల్లల్ని అక్కడ నిలబెట్టలేం. ట్రైలర్ లేన్‌లోకి పొడుచుకొచ్చి ఉన్నా, షోల్డర్ ఇరుకుగా ఉన్నా ముందు అత్యవసర నంబరు 911కి చేయండి. రోడ్డు పక్క బోర్డు మీదుండే మైల్ మార్కర్ నంబరు, ఏ దిక్కుగా వెళ్తున్నారో చెబితే చాలు. ప్లాన్ ఫోన్ ఆ తర్వాత.

ప్రశ్న: మేం వెళ్లే పార్కుల దారుల్లో సిగ్నలే ఉండదు. అప్పుడెలా?
– మరో పాఠకుడు

జవాబు: ఐఫోన్ 14 లేక ఆ తర్వాతి మోడల్ ఉంటే శాటిలైట్ ద్వారా రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని అడగొచ్చు. ఈ సదుపాయాన్ని ఆపిల్ 2023లో అమెరికాలో ట్రిపుల్ ఏతో కలిసి మొదలుపెట్టింది. మెసేజ్ రూపంలో వెళ్తుంది, పైన ఆకాశం కనబడాలి, ఓపిక కావాలి. సెటింగ్స్‌లో డెమో ఉంటుంది, బయల్దేరే ముందు ఇంట్లో అందరూ ఒకసారి చేసి చూడండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: తారు వేయని అడవి దారుల్లోకి ట్రక్ రాదని చాలా ప్లాన్ల నిబంధనల్లో ఉంటుంది. అలాంటి చోటికి ట్రైలర్ తీసుకెళ్లాలనుకుంటే ఆ నిబంధన ముందే చదవండి.

ప్రశ్న: మేం ఎవరినీ పిలవకముందే ఒక టో ట్రక్ వచ్చి ఆగింది. నమ్మొచ్చా?
– ఇంకో పాఠకురాలు

జవాబు: మీరు పిలవని ట్రక్కుకి ట్రైలర్ తగిలించనివ్వకండి. మీ కంపెనీ ఇచ్చిన రిఫరెన్స్ నంబరు, టోయింగ్ సంస్థ పేరు అతను చెప్పగలగాలి. చెప్పలేకపోతే థాంక్స్ చెప్పి పంపించేయండి. ఒత్తిడి చేస్తే పోలీసులకు ఫోన్ చేయండి. మీ కంపెనీ ఎవరినీ పంపలేక, మీరే సొంతంగా ట్రక్ మాట్లాడుకోవాల్సి వస్తే, ముందు కంపెనీకి చెప్పి వాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. ధర, దూరం, వెళ్లే చోటు రాయించుకున్న రసీదు ఉంటేనే ఆ డబ్బు తిరిగి అడగడానికి వీలవుతుంది. క్లెయిమ్ పంపడానికి గడువు కూడా ఉంటుంది, ఇంటికి రాగానే పంపేయండి.