హోమై వ్యారావాలా ఫోటోల్లో అంత గొప్పేముంది? ఇప్పటి కెమెరాలతో నెల్లూరులో ఎవరైనా తీస్తారు కదా?

‘దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు’ అని దండేసి పక్కన పెట్టేశారు కాబట్టే ఇలాంటి ప్రశ్నలు పుడతాయి. తొలీ మలీ అటుంచి, ఆవిడ వాడిన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా సంగతి చూడండి.

బరువు రెండున్నర కిలోల పైమాటే. లోపల నాలుగు బై ఐదు అంగుళాల షీట్ ఫిల్మ్ (ఫోటోకొక విడి షీటు), అవి పట్టే హోల్డరుకు అటొకటి ఇటొకటి. హోల్డరు దూర్చి, షట్టరు ఎక్కించి, ఫోకస్ చూసుకుని, డార్క్ స్లైడ్ (ఫిల్మ్ మీద వెలుగు పడకుండా అడ్డుండే పలక) లాగి, అప్పుడు నొక్కాలి. స్లైడ్ లాగడం మరిచారా, ఫోటో లేదు. తిరిగి పెట్టేటప్పుడు నల్లవైపు బయటికి తిప్పలేదా, వాడిన షీటేదో తెలీక, దాని మీదే మళ్లీ తీసి, నెహ్రూ మీద మౌంట్‌బాటన్ వచ్చి కూర్చుంటాడు. ఫ్లాష్ బల్బు ఒక్క ఫోటోకే. చుర్రుమనే బల్బు పీకి ఇంకోటి పెట్టాలి. లెక్కంతా మనసులోనే: బల్బు గైడ్ నంబరు (దాని వెలుగెంతో చెప్పే అంకె) 160 అయితే, దూరంతో భాగించి లెన్స్ రంధ్రం పదడుగులకు ఎఫ్16, ఇరవైకి ఎఫ్8. చీర కట్టుకుని, సైకిల్ మీద ఢిల్లీ తిరుగుతూ చేసిన పని ఇది.

నోట్లో సిగరెట్‌తో ఉన్న నెహ్రూ, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ భార్యకు సిగరెట్ ముట్టిస్తున్న ఫోటో చూడండి. అగ్గి అంటుకునే ఆ క్షణం రెండోసారి రాదు. అది ముందే పసిగట్టడమే ఆవిడ పనితనం.

మొదట్లో ఆవిడ ఫోటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. మన జిల్లా పేజీల్లో నేటికీ చాలా ఫోటోల కింద తీసినవాళ్ల పేరే ఉండదు, రిబ్బన్ కత్తిరించినాయన పేరు మాత్రం మూడుసార్లు ఉంటుంది! 1970లో ఆవిడ కెమెరా వదిలేశారు. కొత్తవాళ్ల మర్యాదలేనితనం నచ్చలేదన్నారు. మన సభల్లో స్టేజీ ముందు తోపులాట చూస్తే ఏమనేవారో.

సరే, ‘ఎవరైనా తీస్తారు’ అన్నారుగా, జనం రొట్టెలు మార్చుకునే నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగండి. బరస్ట్ (ఒక్క నొక్కుకు వరసగా ఫోటోలు తీసే పద్ధతి) ఆపేయండి. నీళ్ల మెరుపుకి కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోయి మొహాలు నల్లబడతాయి, ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) పెంచండి. షట్టర్ 1/500 సెకను. జూమ్ వద్దు, 35 ఎంఎం లెన్స్ చాలు. రొట్టె చేతిలో ఉన్నప్పుడు కాదు, చెయ్యి మారేటప్పుడు నొక్కండి.