డాక్టర్ సలహా: ఇంట్ల చేసిన బ్లూబెర్రీ బీరు షుగర్ ఉన్నోళ్లు తాగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది మిర్యాలగూడ. మా ఆయనకి 46 ఏళ్లు, ఆరేళ్ల నుంచి షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన గోలీ పొద్దున, రాత్రి వేసుకుంటడు. అమెరికా నుంచి వచ్చిన మా ఆడబిడ్డ కొడుకు ఇంట్ల బీరు చేసుడు నేర్పిపోయిండు. ఇప్పుడు మా ఆయన డాబా మీద రేకుల గదిల పది లీటర్లు చేసిండు, సీసాలల్ల పోసే ముందు అరకిలో బ్లూబెర్రీలు మిక్సీ పట్టి కలిపిండు. బ్లూబెర్రీ షుగర్‌కి మంచిదంట, కెమికల్ లేదంట. పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండు సీసాలు వాటంతట అవే పగిలినయ్. ఇంట్ల చేసిన మందు తాగితే కండ్లు పోతయని మా అమ్మ అంటుంది, నిజమేనా? రోజూ రాత్రి ఒక సీసా తాగి కడుపు నిండిందని అన్నం తినకుండనే పండుకుంటుండు.

జవాబు: అమ్మా, కండ్ల సంగతి, సీసాల సంగతి తర్వాత చెప్తా, ముందు మీరు ఆఖర్న రాసిన మాట చూడంగనే నాకు భయమైంది. గ్లిమెపిరైడ్ వేసుకొని, బీరు తాగి, అన్నం తినకుండ పండుకునుడు. ఇది ఇయ్యాల్టి నుంచే ఆగాలె.

ఎందుకో చెప్తా. మనం తినకపోయినా రాత్రంతా లివర్ కొంచెం కొంచెం గ్లూకోజ్ రక్తంలకి వదులుతనే ఉంటది, అందుకే పొద్దున దాక మనకేం కాదు. ఆల్కహాల్ లోపలికి పోతే లివర్ ముందు దాన్ని విరగ్గొట్టే పనిల పడ్తది, కొత్తగా గ్లూకోజ్ తయారుచేసుడు తగ్గిపోతది. అటు గ్లిమెపిరైడేమో తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తనే ఉంటది. కడుపుల అన్నం లేదు, లివర్ నుంచి సప్లై లేదు, ఇన్సులిన్ మాత్రం ఉంది, ఇంక షుగర్ కిందికి పడక ఏం చేస్తది. అది కూడా నిద్రల పడ్తది, ఎవ్వరికీ తెల్వదు.

నేను నల్లగొండల క్యాజువాలిటీ డ్యూటీ చేసిన రోజులల్ల ఒక రాత్రి రెండు గంటలకి ఒకాయన్ని ఆటోల తెచ్చిన్రు, చొక్కా పిండితే నీళ్లు కారేటంత చెమట, నోటి నుంచి బీరు వాసన, ఆయన భార్య రెండు చెప్పులు చేతిల పట్టుకొని గోడకి ఆనుకొని నిలబడ్డది, "తాగిండు సార్, పొద్దుగాల లేస్తడులే అనుకున్నం" అంటనే ఉంది. గ్లూకోమీటర్ పెడితే 31. గ్లూకోజ్ ఎక్కిస్తే కండ్లు తెరిచిండు కానీ ఆయన కూడా వేసుకునే ఈ గ్లిమెపిరైడ్ గోలీ పవర్ అంత తొందరగా దిగదు, షుగర్ మళ్ల పడ్తది, అందుకే మర్నాడంతా వార్డులనే పెట్టుకున్నం. ఆ వాసన రాకపోతే ఇంట్లోళ్లు ఇంకో గంట ముందే తెచ్చేటోళ్లు. షుగర్ పడిపోయిన మనిషి, తాగిన మనిషి చూసేటందుకు ఒక్క తీరుగనే ఉంటరమ్మా: మాట తడబడుడు, తూలుడు, చికాకు, మత్తు. కాబట్టి మీ ఆయన తాగిన రాత్రి చెమటలు పట్టినా, చేతులు వణికినా, పిచ్చిగ మాట్లాడినా తాగిండని వదిలేయకుండ వెంటనే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపండి, 15 నిమిషాలకి మళ్ల చూడండి, పెరిగినంక అన్నమో రొట్టెనో తినిపియ్యండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్ల చుక్క నీళ్లు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకి పోతయ్, పక్కకి తిప్పి పండుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

మెట్‌ఫార్మిన్‌తోని ఇంకో ఇబ్బంది ఉంది. ఎక్కువ తాగి, ఈ ఎండలకి వొంట్ల నీళ్లు తగ్గి, కిడ్నీ కొంచెం వీక్‌గ ఉంటే రక్తంల లాక్టిక్ యాసిడ్ పేరుకపోతది. అరుదే కానీ వస్తే ఐసీయూ కేసే.

ఇగ మీ అమ్మ గారి భయం. ఆమె అన్నదాంట్ల నిజముంది కానీ అది ఈ బీరుకి వర్తించదు. కండ్లు తీసేది మిథనాల్. కల్తీ సారాలల్ల ఇండస్ట్రియల్ స్పిరిట్ కలిపినప్పుడు అది వస్తది, వొంట్ల ఫార్మిక్ యాసిడ్‌గ మారి కంటి నరాన్ని కాలుస్తది. బీరు బట్టీ పెట్టి దించేది కాదు, ఈస్ట్‌తోని పులిసేది, మన ఈత కల్లు పులిసినట్టే. పండ్లు వేస్తే వాటిల ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల మిథనాల్ కొద్దిగ వస్తది కానీ కండ్లు పోయేటంత రాదు. అయితే ఏ మందు తాగినా సరే, మర్నాటికి చూపు మసకబారి తెల్లగ మంచు పట్టినట్టు కనపడితే, వాంతులు, ఆయాసం ఉంటే డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి ఉరకాలె, ఇది అందరికీ చెప్తున్న.

కండ్లకి అసలు గండం ఆ సీసాలతోనే. లెక్క చూడండి: సీసాల గ్యాస్ పట్టడానికి లీటరుకి దాదాపు 6 గ్రాముల చక్కెర సరిపోతది, మీ ఆయన కూడా అంతే వేసి ఉంటడు. బ్లూబెర్రీల 100 గ్రాములకి దగ్గర దగ్గర 10 గ్రాముల చక్కెర ఉంటది, అరకిలో అంటే 50 గ్రాములు, పది లీటర్లకి పంచితే లీటరుకి ఇంకో 5 గ్రాములు. మూత బిగించినంక ఈస్ట్ ఆ రెండూ తినేస్తది, కొత్తగా పుట్టే గ్యాస్ దాదాపు డబల్ అయితది. పైన రేకులు, మిర్యాలగూడ ఎండ. పగలక ఏమైతది? గాజు పెంకు కంట్ల దిగిన మనుషుల్ని నేను చూసిన, కుట్లేసినా చూపు పూర్తిగ రాలేదు.

మిగిలిన సీసాల దగ్గరికి పిల్లల్ని అస్సలు పోనియ్యకండి. పగటిపూట ముట్టుకోవద్దు. తెల్లారుజామున చల్లగున్నప్పుడు మీ ఆయనే హెల్మెట్ అద్దం కిందికి దించుకొని, ఫుల్ చేతుల చొక్కా, మందపు గ్లౌజులు వేసుకొని, సీసాల మీద తడి గోనెసంచులు కప్పి, ఒక్కొక్కటే ఊపకుండ తీసి గట్టి డబ్బాల ఐస్ మధ్యల పెట్టాలె, బాగా చల్లబడ్డంక బట్ట కప్పి మెల్లగ మూత తీసి పారబోయాలె. దేవుడు చేయక పెంకు కంట్ల గుచ్చుకుంటే రుద్దొద్దు, కడగొద్దు, గుంజొద్దు, పేపర్ కప్పు ఒకటి కంటి మీద బోర్లించి ప్లాస్టర్ వేసి కంటి ఆసుపత్రికి తీసుకపోండి.

పారబోయమని సీసాలు పగులుతయని ఒక్కదాని కోసమే అంటలేను. ఈస్ట్ పని చేయాల్సింది 18 నుంచి 22 డిగ్రీలల్ల, రేకుల కింద 40 దాటితే అది ఘాటు ఆల్కహాల్స్ వదులుతది. ఇంకోటి నీళ్లు. మిషన్ భగీరథ నల్లా నీళ్లల్ల క్లోరిన్‌కి రుచి చెడుతదని చాలామంది బోరు నీళ్లు వాడతరు, మీ ఆయన ఏ నీళ్లు పోసిండో అడగండి. మన జిల్లా బోర్లల్ల ఫ్లోరైడ్ ఎంతుంటదో మర్రిగూడ, మునుగోడు దిక్కు వంకరపోయిన కాళ్లను చూసినోళ్లకి చెప్పనక్కర లేదు, నీరీ (నాగ్‌పూర్‌ల ఉన్న జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టిన్రంటేనే అర్థం చేసుకోవచ్చు. మరగబెడితే క్రిములు చస్తయ్, ఫ్లోరైడ్ పోదు. బీరుకి గంట సేపు మరగబెడతరు కదా, 12 లీటర్లు 10 లీటర్లు అయితే, లీటరుకి 2 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్ 2.4 అయితది, మన దేశంల గరిష్ఠ పరిమితి 1.5. బీరు పులియబెట్టిన డబ్బా సంగతి కూడా చూడండి, పత్తి మందుల డబ్బా కడిగి వాడితే మాత్రం ఎంత కడిగినా దాంట్ల చేసింది తాగకూడదు.

బ్లూబెర్రీ మంచిదే, దాంట్ల ఆంథోసయనిన్స్ ఉంటయ్, ఆ నీలం రంగు వాటిదే. మన నేరేడు పండ్ల రంగు కూడా వాటి వల్లనే వస్తది. పండు పండులెక్క గుప్పెడు తింటే మేలు, పీచు కూడా లోపలికి పోతది. అదే పండు బీరుల పడితే చక్కెర ఆల్కహాల్ అయితది, ఆ ఆల్కహాల్ చేసే చెడుపు ముందర ఆ రంగు చేసే మేలు ఎంత? 650 మిల్లీలీటర్ల సీసా, 5 శాతం అనుకుంటే దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్. ఇంట్ల చేసింది 8 శాతం ఉంటే 41 గ్రాములు, కొలిచే హైడ్రోమీటర్ లేకుండ తాగితే ఆయన ఎంత తాగుతుండో ఆయనకే తెల్వదు. ఆల్కహాల్‌ల సేఫ్ అనే లెక్కనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిల చెప్పింది. ఇంకో మాట, లైసెన్స్ లేకుండ బీరు చేసుడు మన రాష్ట్రంల ఎక్సైజ్ చట్టం కింద నేరం, మీ ఆడబిడ్డ కొడుకు ఉండే దేశంల నడిచింది ఇక్కడ నడవదు.

ఆయన రోజూ రాత్రి తాగుతుండని రాసిన్రు. ఎన్ని నెలల నుంచో రాయలేదు. చాన్నాళ్ల నుంచి గట్టిగ తాగుతుంటే ఒక్కసారిగ ఆపినా వణుకు, ఫిట్స్ రావచ్చు, కాబట్టి బతిమిలాడో, కోపం చేసో ఈ వారంలనే డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. గ్లిమెపిరైడ్ మార్చాలా, డోసు తగ్గించాలా అనేది ఆయన్ని చూసినోళ్లే చెప్పాలె, మీ అంతట మీరు గోలీ ఆపొద్దు. పోయేటప్పుడు గోలీల షీటు, మూడు రోజులు రాత్రి పండుకునే ముందు, తెల్లవారి మూడింటికి, పరగడుపున చూసిన షుగర్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకొని తీసుకపోండి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లివర్, క్రియాటినిన్ (కిడ్నీ) టెస్టులు చేయించమని అడగండి.