వాయిదా పోను ఇంటికి ఇంకెంత?

ప్రశ్న: మేము నల్లగొండలో పదకొండేళ్లుగా కిరాయి ఇంట్లో ఉంటున్నాం. నేను ప్రైవేటు పాఠశాలలో, నా భార్య ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 62 వేలు. పానగల్లు రోడ్డు వైపు 120 గజాల్లో కట్టిన పన్నెండేళ్లనాటి ఇల్లు 32 లక్షలకు వస్తోంది. చేతిలో 7 లక్షలున్నాయి, రిజిస్ట్రేషన్‌కు డబ్బు వేరుగా పెట్టుకున్నాం. మిగతా 25 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో బ్యాంకు ఇస్తానంటోంది; ఈఎంఐ 21,696 రూపాయలు. ఇప్పుడు కిరాయి 9 వేలు కడుతున్నాం కనుక అదనంగా 12,700 చూసుకుంటే చాలునని నా లెక్క. ఖర్చులన్నీ పోను నెలకు 16 వేలు మిగులుతున్నాయి, అందులో 5 వేలు లక్ష రూపాయల చిట్టీకి పోతుంది. అది ఇంకా 14 నెలలుంది. అవసరమైతే చిట్టీ పాడుకుంటాను. ఆదాయపు పన్నులోనూ ఆదా ఉంటుందని లోను ఇప్పించే ఏజెంటు అంటున్నాడు. ముందుకు వెళ్లవచ్చా? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: ముందుగా మీ లెక్కనే మీ ముందు పెడతాను. 16 వేలలో చిట్టీ పోతే మిగిలేది 11 వేలు, మీకు కావలసింది 12,700. అంటే మీరు వేసుకున్న లెక్క ప్రకారమే మొదటి 14 నెలలు నెలకు 1,700 రూపాయల లోటు ఉంది. చిట్టీ పాడుకుంటే డబ్బు చేతికి ముందుగా వస్తుందే గాని, నెలనెలా కట్టడం ఆగదు. పైగా తొందరపడి పాడుకున్నవారు ఎంత వదులుకోవలసి వస్తుందో మీకు తెలియనిది కాదు.

అసలు తేడా వేరేచోట ఉంది. కిరాయి ఇంట్లో మోటారు కాలిపోతే ఓనరుకు ఫోను చేశారు, స్లాబు కారితే ఓనరుతో గొడవపడ్డారు, ఇంటి పన్ను ఎంతో మీకు తెలియనే తెలియదు. మీరిచ్చిన 9 వేలలోంచే ఆయన ఇవన్నీ భరించాడు. రేపటి నుంచి ఆ ఓనరు మీరే. ఈ ఖర్చుల్లో చాలావరకు నెలనెలా రావు కాబట్టి ఎవరూ లెక్కలో రాయరు. వచ్చిన రోజున చేబదులుకో, బంగారం కుదువ పెట్టడానికో పరుగెత్తుతారు.

మీరు చూసిన ఇంటిలాంటి దానికి నేను ఇలా అంచనా వేస్తాను. అమ్మేవారి దగ్గర రసీదులు చూసి మీ అంకెలు మార్చుకోండి. ఇంటి పన్ను ఏడాదికి 4,800 అనుకుందాం. మంచినీళ్ల ఫిల్టరు సర్వీసు, మెంబ్రేన్ మార్పుతో కలిపి మరో 4,800. దీన్ని విలాసమనుకోవద్దు: మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది, అది మరగబెడితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నల్లా నీరు రోజూ వస్తుందా, తాగడానికి అదే సరిపోతుందా అని పక్కింటివారిని అడగండి. సరిపోతే ఈ పద్దు కొట్టేయవచ్చు. మోటారు వైండింగ్, పైపులు, ప్లంబరు, కొన్నేళ్లకొకసారి సెప్టిక్ ట్యాంకు తీయించడం కలిపి సగటున 6 వేలు. ఇంటికి బీమా 2,400. ఇక పెద్దది, అందరూ మరిచిపోయేది, రంగులు, స్లాబు మరమ్మతు. ఐదేళ్లకొకసారి 60 వేలు అవుతుందనుకుంటే ఏడాదికి 12 వేలు. పన్నెండేళ్ల ఇల్లు అంటున్నారు కనుక ఈ అంకెను తగ్గించి చూడకండి. కొనేముందు పైకెక్కి వాటర్ ట్యాంకు కింద, పిట్టగోడ మొదట్లో నెర్రెలున్నాయేమో చూడండి. గది లోపల సీలింగు మూలల్లో పసుపు మరకలుంటే, పైన కొత్తగా రంగు వేసినా, రెండు వానాకాలాలు తిరక్కుండానే అది బయటపడుతుంది.

ఇవన్నీ కలిపితే ఏడాదికి 30 వేలు, నెలకు 2,500. సొంత మోటారుకు పెరిగే కరెంటు, నల్లా బిల్లు కలిపి మరో 500 వేసుకోండి. అప్పుడు ఇంటికి నెలకు అయ్యేది 24,700. కిరాయి మినహాయిస్తే అదనపు భారం 12,700 కాదు, 15,700. మీకు మిగిలేది 16 వేలు, అదీ చిట్టీ అయిపోయాక. నెలాఖరుకు 300 రూపాయలు మిగిలే లెక్కతో ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. ప్రైవేటు పాఠశాలల్లో కొన్నిచోట్ల వేసవి జీతం పూర్తిగా ఇవ్వరు; మీ దగ్గరా అంతేనైతే ఈ 300 కూడా లేనట్టే.

వడ్డీ సంగతీ చూడాలి. ఇది మారే వడ్డీ అప్పు. రేటు ఒక్క శాతం పెరిగి 9.5 అయితే ఈఎంఐ 23,303 అవుతుంది. మామూలుగా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తాయి. మొదట్లోనే ఆ రేటు వచ్చి అలాగే నిలిచిందనుకుంటే, 21,696 చొప్పున కడుతూ పోతే 20 ఏళ్ల అప్పు తీరడానికి 25 ఏళ్ల 8 నెలలు దాటుతుంది. జేబుకు తెలియకుండా జరిగే పని కనుక చాలామంది గమనించరు. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లోనే ఆదేశించింది; అడిగి తీసుకోండి.

ఏజెంటు చెప్పిన పన్ను ఆదాను పూర్తిగా పక్కన పెట్టండి. మనం ఉండే ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. ఇద్దరి జీతాలూ కలిపినా ఏడాదికి 7,44,000. కొత్త విధానంలో ఒక్కొక్కరికి 12 లక్షల వరకు జీతం మీద పన్నే పడనప్పుడు, లేని పన్నులోంచి ఆదా ఎక్కడినుంచి వస్తుంది?

కాబట్టి నా సలహా, చిట్టీ పూర్తయ్యే దాకా ఆగమని. ఈ 14 నెలలూ మిగిలే 11 వేలను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోండి, ఆ ఇల్లు కొనేసినట్టే అనుకుని. 1,54,000 అవుతుంది, చిట్టీని పాడకుండా చివరిదాకా ఉంచితే కమీషన్ పోను దగ్గరదగ్గర 95 వేలు వస్తుంది. రెండూ కలిపి రెండున్నర లక్షలు. అప్పు 22.5 లక్షలకు తగ్గితే ఈఎంఐ 19,526; ఇంటి ఖర్చు 3 వేలు కలుపుకొని, కిరాయి తీసేస్తే అదనపు భారం 13,526. నెలకు దాదాపు 2,500 చేతిలో ఉంటుంది, చిట్టీ భారమూ ఉండదు. ఈలోగా ఆ ఇల్లు వేరొకరు కొనుక్కోవచ్చు, ధర పెరగనూ వచ్చు, నిజమే. కానీ డిపాజిట్ వాయిదా నాలుగో నెలలోనే తప్పిందంటే, ఈఎంఐ కూడా తప్పేదేనని మీకు ఉచితంగా తెలిసిపోతుంది. నాకు ఇల్లు చేజారడం కన్నా అది పెద్ద విషయంగా కనిపిస్తుంది.

కొన్న తరువాత, పన్ను, మరమ్మతుల కోసం లెక్కేసిన నెలకు 2,500 రూపాయలను జీతం ఖాతాలో ఉంచకండి. వేరే ఖాతాలోకి ఈఎంఐ రోజునే వెళ్లిపోవాలి. ఇంటి పన్ను రికార్డులో, కరెంటు మీటరు మీద పేరు మార్పించుకోండి, పాత బకాయిలు లేవని రసీదు తీసుకోండి. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి మున్సిపాలిటీలు 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నాయి. మీ విషయంలో అది 240 రూపాయలు, ఒక ప్లంబరు రాకపోకలకు సరిపోతుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో 1,050 చదరపు అడుగుల ఫ్లాటు కొన్నాం. మెయింటెనెన్స్ అడుగుకు 2 రూపాయలట. పైగా కార్పస్ ఫండ్ అని 30 వేలు అడుగుతున్నారు. మేము మొదటి అంతస్తులో ఉంటాం, లిఫ్టు ఎక్కం. ఇదంతా కట్టాలా? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: కట్టాలమ్మా. లిఫ్టు, మెట్లు, సంపు, మేడపైన స్లాబు అందరి ఉమ్మడి ఆస్తి. మీరు లిఫ్టు ఎక్కకపోయినా అందులో మీ వాటా ఉంది, రేపు ఫ్లాటు అమ్మినప్పుడు ఆ వాటాకూ ధర వస్తుంది. నెలకు 2,100తో వాచ్‌మన్ జీతం, మెట్ల దగ్గర లైట్లు, చెత్త, లిఫ్టు సర్వీసు గడుస్తాయి. కార్పస్ దేనికంటే, లిఫ్టు తాడు మార్చడం, కట్టడానికంతా రంగులు వేయించడం వంటి పెద్ద పనులకు. అయితే ఊరికే కట్టకండి. గడిచిన 12 నెలల లెక్కల పుస్తకం అడిగి, ఏప్రిల్ నుంచి జూన్ వరకున్న పేజీలు చూడండి. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ డబ్బు విడిగా వసూలు చేస్తారు, అది 2,100లో ఉండదు. కార్పస్ సొమ్ము సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో ఉందా, ఎవరో ఒకరి సొంత ఖాతాలోనా అన్నది పాస్‌బుక్ చూసి తెలుసుకున్నాకే డబ్బు ఇవ్వండి. మీకు అమ్మినవారు పాత బకాయి పెట్టి వెళ్లారేమో కూడా అక్కడే తేలుతుంది.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది, ఊళ్లో కిరాణా దుకాణం ఉంది. పోయిన ఏడాది 25 లక్షల గృహరుణం, 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకున్నాం. దుకాణం మీద ఈఎంఐ ఎలాగో వెళ్తోంది. ఈసారి కాయ అమ్మగా లక్ష మిగిలింది. అప్పులో కట్టేయనా? (ఒక రైతు, దేవరకొండ)

జవాబు: "ఎలాగో" అన్నారు కనుక అడుగుతున్నాను: దుకాణం మూడు నెలలు మూతపడితే ఈఎంఐ దేనితో కడతారు? కనీసం ఆరు వాయిదాలకు సరిపడా, అంటే లక్షా ముప్పై వేలు, బ్యాంకులో పక్కన లేకపోతే ఈ లక్ష అక్కడికే వెళ్లాలి. అది ఇప్పటికే ఉంటే నిస్సందేహంగా అప్పులో కట్టండి. మారే వడ్డీ గృహరుణానికి ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. ఏడాది గడిచాక లక్ష కట్టి, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడిగితే, వడ్డీ ఇలాగే ఉన్న పక్షంలో సుమారు 21 నెలల వాయిదాలు తప్పుతాయి. రాతపూర్వకంగా అని ఎందుకంటున్నానంటే, అడగకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువును అలాగే ఉంచుతారు. కట్టిన వారంలోగా కొత్త వాయిదాల పట్టిక తీసుకుని, చివరి వాయిదా ఏ నెలకు వచ్చిందో చూసుకోండి.