పాత ఆసిలోస్కోప్‌కు కొత్త ప్యాక్: ఛార్జింగ్ మొదలవకపోవడానికి కారణం

పాత ఆసిలోస్కోప్‌లో (విద్యుత్ సంకేతాలను తెరపై గీతగా చూపే పరికరం) బ్యాటరీ ప్యాక్ మార్చాక ఛార్జింగ్ ఎందుకు కావడం లేదని అడిగారు కదా, తేడా మూడో తీగలోనే ఉండాలి. పాత ప్యాక్‌కు మూడు తీగలుంటే కొత్తదానికి రెండే కలిపానన్నారు. అందుకే పరికరం బ్యాటరీ మీద నడుస్తోంది కానీ ఛార్జింగ్ మొదలవడం లేదు. మూడోది వేడిని కనిపెట్టే తీగ. అది తెగినట్టు కనబడితే ఛార్జర్ కరెంటు ఇవ్వదు.

1. పాత ప్యాక్ పైతొడుగు కోయండి. రెండు సెల్‌ల మధ్య సందులో మిరియపు గింజంత పూస ఉంటుంది, మూడో తీగ దానికే కలిసి ఉంటుంది. చాలామంది దాన్ని పాత సెల్‌లతో పాటే పారేస్తారు!

2. మల్టీమీటర్‌తో ఆ పూస ఓమ్‌లు (నిరోధం) చూడండి. వేళ్ల మధ్య పట్టుకుంటే విలువ తగ్గుతూ పోతే అది థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే భాగం). 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండేవి ఎక్కువ. దాదాపు సున్నా చూపి కదలకపోతే అది థర్మల్ స్విచ్ (వేడి మితిమీరితే తెగే స్విచ్).

3. దాన్ని ప్యాక్ మధ్యలో ఉన్న సెల్ ఒంటికి ఆనించి, వేడికి ఊడని టేపుతో బిగించండి. చివరి సెల్ త్వరగా చల్లబడుతుంది, అక్కడ వద్దు.

దాని బదులు మామూలు రెసిస్టర్ పెడితే ఛార్జింగ్ మొదలవుతుంది, నిజమే. కానీ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిండగానే వేడెక్కుతుంది. ఆ సంగతి ఛార్జర్‌కు ఎప్పటికీ తెలియదు. ఆ పని మాత్రం చేయకండి.

సెల్‌ల సంఖ్య మార్చవద్దు: 12 వోల్టులకు 10. లిథియం సెల్‌లు ఈ ఛార్జర్‌కు పనికిరావు. ట్యాగులు (టంకం వేసుకోవడానికి ముందే అతికించిన లోహపు పట్టీలు) ఉన్న సెల్‌లే తీసుకోండి, నేరుగా సెల్ మీద టంకం వేస్తే లోపలి సీలు దెబ్బతింటుంది. పాత ప్యాక్‌లో ఫ్యూజు ఉంటే అదీ తిరిగి కలపండి.