వాపు బిళ్ళ ఎందుకు మొదలైందో ఎవరూ అడగలేదు

"మందులు రాసేది డాక్టరే కదా, సంస్కరణల పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లో వార్డుకో ఫార్మసిస్టును పెడితే ఒరిగేదేమిటి?" అని ఒకరు అడిగారు. పద్నాలుగేళ్ళుగా నాది ఆ పనే కాబట్టి పక్షపాతంతోనే చెబుతా. చాలా ఒరుగుతుంది, ముఖ్యంగా అక్కర్లేని మందులు ఆపించడంలో.

ఒకసారి ఒక పెద్దాయన వార్డులో చేరారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగ్గా పనిచేయడం లేదన్నమాట. బీపీ దిగడం లేదు. ఇంకో బీపీ మాత్ర కలుపుదామా అని డాక్టర్లు వార్డు తిరిగే రౌండ్స్‌లో మాట వచ్చింది. నేను ఆయన భార్య పక్కన కూర్చుని సంచిలోని స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచా. బీపీకి ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా., మూత్రం పోయించే ఫ్యూరోసెమైడ్, నొప్పికి డైక్లోఫెనాక్.

"వీటిలో ముందు మొదలైంది ఏదమ్మా?"

"బీపీ బిళ్ళే తల్లీ. దాని డోసు పెంచాక కాళ్ళు వాచాయి. వాపుకి ఇంకోటి రాశారు. రాత్రంతా లేవడమే గానీ వాపు పోలా. తర్వాత బొటనవేలు ఎర్రగా పొంగింది, దానికి ఈ నొప్పి బిళ్ళ."

కథంతా ఆవిడే చెప్పేసింది. ఆమ్లోడిపిన్ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు, సన్నటి రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరడం వల్ల వచ్చేది. మూత్రం పోయించే మందు దానికి పెద్దగా పనిచేయదు. పైగా ఫ్యూరోసెమైడ్ రక్తంలో యూరిక్ యాసిడ్ పెంచి గౌట్ తెప్పించగలదు, అంటే బొటనవేలు అలా ఎర్రగా పొంగే కీళ్ళ జబ్బు. గౌట్ నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, ఫ్యూరోసెమైడ్‌తో కలిస్తే కిడ్నీకీ దెబ్బే. తిరిగి తిరిగి మళ్ళీ బీపీ దగ్గరికే వచ్చాం. రాసినవాళ్ళు ముగ్గురు, ఒకరి చీటీ ఒకరు చూడలేదు.

డాక్టరు గారు మొదట విసుక్కున్నారు, స్ట్రిప్పులు వరసలో పెట్టి చూపించాక తలూపారు. వాపుకి గుండె కారణం కాదని పరీక్ష చేయించి, ఫ్యూరోసెమైడ్, డైక్లోఫెనాక్ రెండూ ఆపి, ఆమ్లోడిపిన్ 5కి దించారు. కొన్నాళ్ళకి పెద్దాయన కాళ్ళకి చెప్పులు పట్టాయి, క్రియాటినిన్ దిగింది. బీపీకి వేరే మందు ఆ తర్వాతే కలిపారు.

సంస్కరణ అనగానే మాకొచ్చేది సాఫ్ట్‌వేర్. దాంట్లో ప్రతి చీటీకీ ఎర్ర హెచ్చరికలే, చదవకుండా మూసేయడం అందరికీ అలవాటైపోయింది. వాపు ఎప్పుడు మొదలైందని అది ఆవిడని అడగదుగా! కొనుగోలు జాబితా మారి కొత్త కంపెనీ స్ట్రిప్పు వస్తే ఇంకో తంటా. పాతదీ కొత్తదీ ఒకే మందని తెలియక రెండూ మింగేవాళ్ళు ఉంటారు. రంగు మారితే మందు మారినట్టే వాళ్ళ లెక్క. అది విడమరిచి చెప్పాల్సిన టైములో నేను స్టాకు రిజిస్టరు రాస్తుంటా.

బ్రిటన్‌లో 2006 నుంచి తగిన శిక్షణ పొందిన ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాయొచ్చు. నాకా అధికారం కూడా వద్దు. రౌండ్స్‌లో నిలబడే చోటు, ఆ రిజిస్టరు రాయడానికి ఇంకో మనిషి చాలు.