2 పవర్ ఎక్స్‌లోకి లాగ్ 2 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎక్స్ పవర్ 5 అవకలజం 5 ఎక్స్ పవర్ 4 అయినప్పుడు, అదే సూత్రంతో 2 పవర్ ఎక్స్ అవకలజం ‘ఎక్స్ ఇంటూ 2 పవర్ (ఎక్స్ మైనస్ 1)’ ఎందుకు కాకూడదు? జవాబులో లాగ్ 2 ఎందుకు వస్తుంది? లాగ్ ఎక్స్ అవకలజం 1/ఎక్స్ అని బట్టీ పట్టాను గాని కారణం తెలియదు.
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీరు రాసిన సూత్రం తప్పని తేల్చడానికి పెద్ద నిరూపణ అక్కర్లేదు. అందులో ఎక్స్‌కు మైనస్ 1 విలువ ఇస్తే అవకలజం (అంటే గ్రాఫు వాలు) రుణాత్మకంగా వస్తుంది, అంటే అక్కడ వక్రరేఖ కిందికి దిగుతూ ఉండాలి. కానీ 2 పవర్ మైనస్ 1 అంటే 0.5, 2 పవర్ 0 అంటే 1, రేఖ ఎక్కడా దిగకుండా పైకే పోతోంది. మీకు తెలిసిన సూత్రం ఆధారం మారుతూ ఘాతం స్థిరంగా ఉన్నప్పటిది. ఇక్కడ ఆధారం కదలదు, ఘాతమే మారుతుంది.

కనుక అవకలజం నిర్వచనం దగ్గరికే వెళ్లాలి. ఎక్స్‌ను హెచ్ అనే చిన్న మొత్తం పెంచితే 2 పవర్ ఎక్స్ కాస్తా 2 పవర్ హెచ్ రెట్లు అవుతుంది కాబట్టి, తేడాలోంచి 2 పవర్ ఎక్స్‌ను ఉమ్మడిగా బయటకు తీయవచ్చు. లోపల మిగిలేది (2 పవర్ హెచ్ – 1)/హెచ్ మాత్రమే, అందులో ఎక్స్ ఊసే లేదు. కాలిక్యులేటర్ తీసుకుని చూడండి: హెచ్ 0.1 అయితే 0.7177, 0.01 అయితే 0.6956, 0.001 అయితే 0.6934 వస్తాయి. ఈ విలువలు చేరువవుతున్న అవధి 0.6931..., దాని పేరే లాగ్ 2. ఆధారం 3 అయితే ఇదే అవధి 1.0986. అంటే ఘాతీయ ప్రమేయం పెరిగే రేటు ఎప్పుడూ దాని అప్పటి విలువకు ఒక స్థిర సంఖ్యతో గుణకారం. ఆ సంఖ్య ఆధారాన్ని బట్టి మారుతుంది.

2కు ఒకటి కన్నా తక్కువ, 3కు ఒకటి కన్నా ఎక్కువ వచ్చిందంటే, సరిగ్గా ఒకటి వచ్చే ఆధారం ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉండాలి. అదే 2.71828..., మనం ‘ఇ’ అని రాసే సంఖ్య. గణితవేత్త ఆయిలర్ ఆ అక్షరం పెట్టకముందే, 1683లో మరో గణితవేత్త జాకబ్ బెర్నౌలీ చక్రవడ్డీ లెక్కలో దీన్ని తడిమాడు. ఏడాదికి నూటికి నూరు వడ్డీ చొప్పున రూపాయి అప్పిస్తే ఏడాది చివర 2 రూపాయలు. వడ్డీని నెలనెలా అసలులో కలిపితే 2.613, రోజూ కలిపితే 2.7146. ఎన్ని సార్లు కలిపినా ‘ఇ’ దాటదు. (మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లకు ఇది సూత్రంగా తెలియకపోయినా అనుభవంలో తెలుసు.)

ఇక లాగ్ ఎక్స్. అది ‘ఇ’ పవర్ ఎక్స్‌కు విలోమ ప్రమేయం, అంటే గ్రాఫులో అడ్డం నిలువు తారుమారు చేస్తే వచ్చే రేఖ. ‘ఇ’ పవర్ ఎక్స్ రేఖ మీద ఎత్తు 5 ఉన్న చోట వాలు కూడా 5, అంటే పక్కకు 1 జరిగితే స్పర్శరేఖ 5 పైకి లేస్తుంది. అక్షాలు మార్చగానే పక్కకు 5 జరిగితే పైకి 1, వాలు 1/5. ఆ బిందువు దగ్గర ఇప్పుడు ఎక్స్ విలువ 5. 5 బదులు ఏ ధన సంఖ్య తీసుకున్నా ఇదే జరుగుతుంది కనుక అవకలజం 1/ఎక్స్.

సరిచూడబోయి చాలామంది కాలిక్యులేటర్‌లో ‘లాగ్’ మీట నొక్కి కంగారు పడతారు. అది ఆధారం 10 సంవర్గమానం, మనం ఇక్కడ లాగ్ అన్నది ఆధారం ‘ఇ’ది. దాంతో 101, 100ల లాగ్‌ల తేడా 0.00432 వస్తుంది. పక్కనే ఉండే ‘ఎల్ఎన్’ మీట నొక్కితే 0.00995, అంటే దాదాపు 1/100.