ట్రీటెడ్ చెక్క మీద పాలిష్ లేచిపోతుంటే

గుంటూరులో మేడ మీద డెక్‌కి, అంటే చెక్క పలకల నేలకి, కొత్త పలకలు వేయించాక పాలిష్ పొరలుగా లేస్తోందని, మేకుల చుట్టూ నల్ల మరకలు వచ్చాయని రాశారు కదండీ. పాలిష్ వేసినాయన తప్పు కాకపోవచ్చు. ట్రీటెడ్ చెక్క, అంటే చెదలు, కుళ్లు పట్టకుండా మందు పట్టించిన చెక్క, చాలాసార్లు లోపల తడితోనే షాపుకొస్తుంది. పైపొర గీకించి, నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చెక్క పీల్చుకుంటే సరే. పూసల్లా నిలబడితే ఇంకొన్నాళ్లు ఆగండి. వానాకాలం ఉక్కలో అస్సలు వేయించొద్దు.

నాకు అసలు టెన్షన్ మేకుల గురించే. ఆ మందులో సాధారణంగా రాగి ఉంటుంది, తడి తోడైతే మామూలు ఇనుమును తినేస్తుంది. పీకించి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేయించండి. మందుల్లో ఆర్సెనిక్ అనే విషం కలిసినవీ ఉన్నాయి కాబట్టి గీకేవాళ్లకు మాస్క్ తప్పనిసరి. మిగిలిన ముక్కల్ని ఎవరినీ పొయ్యిలో పెట్టనివ్వకండి.